ఐదో ఇన్నింగ్స్ తరువాతి మౌనం

బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా, అంటే కొట్టి బేస్ చేరుకునే బంతి ఒక్కటి కూడా, ఇవ్వకుండా ఆట నడిపిస్తున్నప్పుడు ఆ సంగతి అతని జట్టువాళ్లు నోటితో అనకూడదు. అతన్ని పలకరించకూడదు. జట్టు కూర్చునే బల్ల మీద అతని పక్కన కూర్చోకూడదు. చెయ్యి ఎలా ఉందని అడగకూడదు. నోరు జారితే ఆ వెంటనే హిట్ పడుతుంది. కాన్సాస్ గోధుమ పొలాల నడుమ ఉన్న హెర్ట్స్‌ఫెల్డ్ ఊళ్లో, పన్నెండు వందల జనాభాలో, ఈ మాటను కాదనే మనిషి ఒక్కడే. అతను ఫ్లోరియన్ డ్రైలింగ్. హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు. ఆదివారాలు ఊరి బేస్‌బాల్ జట్టులో బ్యాటరు వెనక కూర్చుని పిచర్ బంతులు పట్టే క్యాచర్.

కాదనడం అతనికి ఉబుసుపోక పట్టుకున్న అలవాటు కాదు. జట్టు పుట్టినప్పటి నుంచీ దాచి ఉంచిన ఇరవై ఆరేళ్ల స్కోరు పుస్తకాలను ముందేసుకుని ఒక శీతాకాలమంతా పరిశీలించాడు. తొమ్మిది ఇన్నింగ్సుల్లో ఐదు గడిచినా హిట్ పడని ఆటలు పద్నాలుగు దొరికాయి. వాటిలో పదమూడు ఆటల్లో బల్ల మీదివాళ్లు మౌనాన్ని నిష్ఠగా పాటించారు. ఆ పదమూడింటిలో పన్నెండింట హిట్ పడనే పడింది. మాట్లాడినా పడుతుంది, మాట్లాడకపోయినా పడుతుంది, బంతికి చెవులు లేవు అని అతను నలుగురిలోనూ చెప్పేవాడు.

పద్నాలుగో ఆటలో మాట్లాడింది అతనే. అది 1948. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో పిచర్ నిలబడే మట్టిదిబ్బ దగ్గరికి నడిచి వెళ్లి, అవుట్ చెయ్యాల్సినవాళ్లు ఇంకా ఏడుగురే మిగిలారు, ఇంతవరకు ఒక్క హిట్టూ పడలేదు అని కావాలనే అందరికీ వినపడేలా అన్నాడు. రెండు బంతుల తరువాత హిట్ పడింది. ఆనాటి పిచర్ ఇప్పటికీ చర్చిలో అతనికి దూరంగా కూర్చుంటాడు. మర్నాడు బడికి వెళ్లేసరికి నల్లబల్ల మీద 'మాస్టారు నోరు తెరిచారు, బంతి లేచిపోయింది' అని సుద్దతో రాసి ఉంది. ఆ వేళ పాఠం పక్కన పెట్టి, సంభావ్యత అంటే ఏమిటో నలభై నిమిషాలు వివరించాడు. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు అదే వాక్యాన్ని పాట కట్టి పాడుకుంటూ వెళ్లారు.

ఐదేళ్లలో అతని వాదన మారలేదు. వాదించే గొంతు మాత్రం తగ్గింది.

ఊరి జట్టుకు పిండిమిల్లువాళ్లు దుస్తులు కొనిపెట్టేవారు. టికెట్ల మీద వచ్చినదాంట్లో ఆటగాళ్లకు కొంత వాటా ఉండేది. అందుచేత వాళ్లను సరదాకి ఆడేవాళ్లనీ అనలేం, ఆటతో బతికేవాళ్లనీ అనలేం. పగలంతా ధాన్యం గోదాములోనో రైల్వే షెడ్డులోనో చెమటోడ్చి, సాయంత్రం చేతులు కడుక్కుని సాధనకు వచ్చేవాళ్లు. ఇరవై ఆరేళ్లలో ఆ ఊరినుంచి పెద్ద జట్ల ఆటకు వెళ్లినవాడు ఒక్కడూ లేడు. 1953 వేసవిలో వెళ్లేలా కనిపించినవాడు వర్జిల్ బాస్గల్.

వర్జిల్ ఫ్లోరియన్‌కు స్వయానా బావమరిది, భార్య ఓడిలియా తమ్ముడు. పదమూడేళ్ల వయసులో గోదాము రేకుగోడ మీద బొగ్గుతో గీసుకున్న సున్నాకు గురిచూసి మట్టిగడ్డలు విసురుతుంటే ఫ్లోరియన్ చూశాడు. ఇరవై విసుర్లు లెక్కపెట్టాడు. పదిహేడు సున్నాలో పడ్డాయి. ఆనాటి నుంచి పెరట్లో, గోడకు వీపానించి కూర్చుని, వాడి బంతులు పట్టడం మొదలుపెట్టాడు. వేలు ఎక్కడ ఆనించాలో, వంపు బంతికి మణికట్టు ఎంతవరకు తిప్పాలో, ఎంత దాటితే మోచేతికి ముప్పో నేర్పాడు. కొరియా యుద్ధంలో రెండేళ్లు ఉండి తిరిగి వచ్చాక వర్జిల్ చేతిలో బరువూ వేగమూ పెరిగాయి. ఆ వేసవిలో పదహారు ఆటలాడి పద్నాలుగు గెలిపించాడు.

గెలిపించిన చెయ్యిని కాపాడటం ఫ్లోరియన్ పని. వర్జిల్‌లో ఒక లక్షణం ఉంది: అడగనిదే నొప్పి చెప్పడు, అడిగితే అబద్ధమాడడు. అందుకని ఇద్దరి మధ్యా ఒక పద్ధతి ఏర్పడింది. ప్రతి ఇన్నింగ్స్ చివరా ఫ్లోరియన్ దగ్గరికి వెళ్లి, చెయ్యి ఎలా ఉందని అడుగుతాడు. వర్జిల్ పదికి ఎంతో చెబుతాడు. ఆరు కంటే తక్కువైతే, స్కోరు ఎంతైనా సరే, దిగిపోవాలి. కిందటి ఏడాది నుంచి జరుగుతున్న ఆ తంతును జట్టు మేనేజరు గస్ వైగెల్ కూడా గౌరవించేవాడు. గస్‌ది మెయిన్ రోడ్డు మీద క్షౌరశాల. ఊళ్లోని తలలన్నీ తన చేతికిందే వంగుతాయి గనుక తన మాటకు ఎదురుండదని అతనికొక ధీమా.

పెద్ద జట్ల తరఫున ఆటగాళ్లను ఏరడానికి ఊరూరా తిరిగే హాలొరన్ అనే పెద్దమనిషి జూన్‌లో ఒకసారి, జూలైలో ఒకసారి వచ్చి వర్జిల్ ఆట చూసి వెళ్లాడు. ఆగస్టు పదహారు ఆదివారం మళ్లీ వస్తాననీ, అదే చెయ్యి కనిపిస్తే ఒప్పందం కాగితాల మీద సంతకం పెట్టించుకుంటాననీ కబురు పెట్టాడు. సంతకం పడితే మంగళవారం రైలెక్కి నెబ్రాస్కాలోని చిన్న లీగు జట్టులో చేరాలి. వసంతానికి పెద్ద జట్టు శిబిరం. సంతకం పడకపోతే గోదాము. వర్జిల్ తండ్రి ఆ గోదాములోనే ముప్పై ఏళ్లు గోధుమలు ఎత్తిపోసి, ఆ దుమ్ముతోనే దగ్గి దగ్గి పోయాడు. ఇద్దరు అన్నలు ఇప్పుడు అక్కడే ఎత్తిపోస్తున్నారు, అప్పుడే దగ్గుతున్నారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, దానికి ముందు గురువారం జిల్లా పోటీలో గస్ వర్జిల్ చేత తొమ్మిది ఇన్నింగ్సులూ వేయించాడు. మధ్య విశ్రాంతి రెండు రోజులే. శనివారం క్షౌరశాలకు వెళ్లి ఫ్లోరియన్ నిష్కర్షగా చెప్పాడు: ఆదివారం ఆరు ఇన్నింగ్సులు, ఆపైన ఒక్క బంతి కూడా కాదు. ఎవరి గడ్డానికో నురగ పూస్తున్న గస్, అలాగే మాస్టారూ, ఆరంటే ఆరే అని ఒప్పుకున్నాడు.

ఆదివారం ప్రార్థన కాగానే ఊరంతా మైదానానికి వచ్చింది. చర్చి ఆడవాళ్లు గంపల్లో వేడివేడి బీరాక్‌లు, అంటే మాంసమూ క్యాబేజీ కూరిన రొట్టెలు, పెట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారు. దక్షిణపు గాలి ఎప్పటిలాగే దుమ్మెత్తి పోస్తోంది. ఎదుటి జట్టు పొరుగూరు ప్రూయిట్‌ది. హాలొరన్ టోపీ మోకాలి మీద పెట్టుకుని మూడో వరసలో కూర్చున్నాడు.

మొదటి ఇన్నింగ్స్ చివర వర్జిల్ "తొమ్మిది, బావా" అన్నాడు. రెండో దాని చివరా తొమ్మిదే. మూడుకీ నాలుగుకీ ఎనిమిది. బంతి చేతి తొడుగులో పడినప్పుడు ఫ్లోరియన్ అరచెయ్యి చుర్రుమంటోంది; మంచి బంతికి అదే గుర్తు. ప్రూయిట్‌వాళ్లలో ఒక్కడూ మొదటి బేస్ మొహం చూడలేదు. రెండో ఇన్నింగ్సులోనే హెర్ట్స్‌ఫెల్డ్‌కు ఒక పరుగు వచ్చింది.

ఐదో ఇన్నింగ్స్ ముగిసి అందరూ బల్ల దగ్గరికి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే బల్ల సగం ఖాళీ అయింది. వర్జిల్ ఆ చివర ఒంటరిగా కూర్చున్నాడు. మిగతావాళ్లంతా ఈ చివర ఒకరి మోకాళ్ల మీద ఒకరన్నట్టు ఇరుక్కున్నారు. ఫ్లోరియన్ ముఖానికి కట్టుకున్న జాలీ విప్పి, మామూలుగానే అటు అడుగు వేశాడు. మూడో బేస్ ఆటగాడు క్లెమ్ వాసింగర్ కాలు చాపి దారికి అడ్డం పెట్టాడు. క్లెమ్ ఊరందరినీ నవ్వించే మనిషి. అప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు.

"ఎక్కడికి మాస్టారూ?"

"వాడి చెయ్యెలా ఉందో అడగాలి."

"ఏ చెయ్యి? ఎవడి చెయ్యి? నాకక్కడ ఎవడూ కనపడట్లేదే. కూర్చో."

"ఇది రోజూ అడిగేదే, క్లెమ్."

గస్ వెనక్కి తిరగకుండానే కల్పించుకున్నాడు. "నలభై ఎనిమిదిలో ఏమైందో నేననను, మాస్టారూ. నువ్వే తల్చుకో."

ఫ్లోరియన్ కూర్చున్నాడు. కూర్చున్నది నమ్మి కాదు. ఇంకొక్క ఇన్నింగ్సే కదా, ఆరు కాగానే గస్ మాట ప్రకారం మారుస్తాడు కదా అనుకున్నాడు. ఎనిమిది నుంచి ఒక్క ఇన్నింగ్సులో ఏమంత పడిపోతుంది అనుకున్నాడు. ఇవి రెండూ సహేతుకంగానే తోచాయి.

ఆరో ఇన్నింగ్సులో వంపు బంతి వంగడం మానేసింది. రెండు వేళ్లు చూపించి వంపు బంతి అడిగితే వర్జిల్ తల అడ్డంగా ఊపాడు. ఆ వేసవిలో ఫ్లోరియన్ సైగను అతను కాదనడం అదే మొదలు. వేగపు బంతులతోనే ముగ్గురినీ పంపేశాడు. చివరి బంతి తొడుగులో పడినప్పుడు అరచెయ్యి చుర్రుమనలేదు.

ఫ్లోరియన్ గస్ వైపు చూశాడు. గస్ తల వంచుకుని స్కోరు పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాడు. మారుస్తాననడానికీ, మార్చననడానికీ కూడా నోరు విప్పాలి. విప్పితే ఆ సంగతి అన్నట్టే అవుతుంది. అందువల్ల శనివారం నాటి ఒప్పందం ఎవరూ రద్దు చేయకుండానే రద్దయిపోయింది.

ఏడో ఇన్నింగ్సులో ప్రతి విసురు తరువాతా వర్జిల్ మోచేతిని నడుముకు ఆనించి పట్టుకున్నాడు. పట్టుకుని, అరవై అడుగుల దూరంనుంచి నేరుగా ఫ్లోరియన్ కళ్లలోకి చూశాడు. అంపైరును ఆట ఆపమని అడిగి, ఇరవై అంగలు వేస్తే చాలు. దానికి నియమాలు ఒప్పుకుంటాయి. క్యాచర్ ఉన్నదే అందుకు.

ఫ్లోరియన్ కాళ్లను పట్టి ఉంచినది ఏమిటో అతనికే స్పష్టంగా తెలుసు. అది హిట్ భయం కాదు. హిట్ ఎలాగూ పడుతుంది. పదమూడింట పన్నెండు. సరిగ్గా అదే అతన్ని పట్టి ఉంచింది. తను ఇప్పుడు వెళ్లి మాట్లాడితే, ఎలాగూ పడబోయే ఆ హిట్ తన నోటివల్లే పడిందని ఊరు తీర్పు చెబుతుంది. ముందు పరాయి పిచర్‌ను ముంచాడు, ఇప్పుడు సొంత బావమరిదిని ముంచాడు అంటుంది. ఓడిలియా నోటితో అనకపోవచ్చు. గిన్నె బల్ల మీద పెట్టే చప్పుడులో అంటుంది. మాట ఎందుకు, దూరంనుంచి వేళ్లు చూపించి అడగవచ్చునని కూడా తట్టింది. వేళ్లతో అడిగినా అడిగినట్టే లెక్క అని గస్ అంటాడనీ తట్టింది. ఈ బ్యాటరు అవుటయ్యాక వెళదాం అనుకున్నాడు. అతను అవుటయ్యాక, తరువాతివాడు అయ్యాక అనుకున్నాడు.

ఎనిమిదో ఇన్నింగ్స్ చివర వర్జిల్ నీళ్ల బకెట్ దగ్గరికి వెళ్లి, గరిటెను ఎడమ చేత్తో ఎత్తుకుని తాగాడు. కుడి చెయ్యి తొడ మీద వాలి ఉంది. వేళ్లు సగమే ముడుచుకుంటున్నాయి. ఫ్లోరియన్ లేచి బకెట్ దగ్గరికి వెళ్లాడు. తనకీ దాహమే అన్నట్టు నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా జానెడు దూరం. వర్జిల్ పెదవులు విడివడ్డాయి. వెనకనుంచి గస్ దగ్గాడు. వర్జిల్ పెదవులు మూసుకుని, గరిటెను బావ చేతికిచ్చి, తన చివరకు వెళ్లి కూర్చున్నాడు. ఫ్లోరియన్ నీళ్లు తాగాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి బ్యాటరు ఎత్తుగా కొట్టి క్యాచ్ ఇచ్చాడు. ఇంకా ఇద్దరు. వెయ్యి మందికి పైగా ఉన్న మైదానంలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండోవాడికి వర్జిల్ విసిరిన మొదటి బంతి నేలకు కొట్టుకుని వచ్చింది. రెండోది నడుము ఎత్తున, నెమ్మదిగా, బడిపిల్లవాడు విసిరినట్టు వచ్చింది. విసురుతూనే వర్జిల్ ఒంటికాలి మీద ముందుకు తూలాడు. బ్యాటరు దాన్ని రెండో బేస్ పక్కగా మైదానంలోకి కొట్టాడు. ఎవరికీ అందలేదు. హిట్.

ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ మరుక్షణం బల్ల మీదివాళ్లందరికీ నోళ్లు వచ్చాయి. పరవాలేదు వర్జిల్, భేష్ వర్జిల్ అని నాలుగు ఇన్నింగ్సులుగా దాచిపెట్టిన మాటలన్నీ కుమ్మరించారు. ఫ్లోరియన్ ఆట ఆపించి దిబ్బ దగ్గరికి నడిచాడు.

"చెయ్యెలా ఉంది?"

"రెండు."

"ఎప్పట్నించి?"

"ఆరులో నాలుగు. ఏడులో మూడు. ఎనిమిదిలో లోపల ఏదో తెగింది బావా. అప్పట్నించి వేళ్లు నావి కావు."

"ఒక్క మాట చెప్పొచ్చు కదరా."

"నేనెట్లా చెప్తాను? చెప్తే పడుద్దిగా." వర్జిల్ కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుని ఉన్నాడు. "నువ్వొచ్చి అడుగుతావనుకున్నా. నువ్వు ఇయ్యన్నీ నమ్మవు కదా."

ఫ్లోరియన్ చెయ్యి ఊపి గస్‌ను పిలిచాడు. గస్ వచ్చి బంతి తీసుకుని ఇంకొకడి చేతికిచ్చాడు. ఆ ఇంకొకడు తరువాతి ఇద్దరినీ అవుట్ చేశాడు.

ఆట అయ్యాక హాలొరన్ కిందికి దిగి వచ్చాడు. చెయ్యి చాపమని వర్జిల్‌ను అడిగాడు. వర్జిల్ చాపబోయాడు. అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. బాగా ఆడావు అబ్బాయ్, తగ్గాక నాకో ఉత్తరం రాయి అని హాలొరన్ ఎడమ చేత్తో అతని ఎడమ చెయ్యి కలిపాడు. కారు దగ్గరికి నడుస్తూ, వెంట వస్తున్న ఫ్లోరియన్‌ను చూసి ఆగాడు.

"క్యాచర్‌వి నువ్వే కదూ? ఏడులోనే మోచెయ్యి పోతోందని నాకు మూడో వరసలోకే కనపడింది. నీకు కనపడలేదా?"

"కనపడింది."

"మరి?"

మీరెందుకు చెప్పలేదని ఫ్లోరియన్ అడిగాడు.

"అట్లాంటి ఆట నడుస్తుంటే నేను మాత్రం నోరెత్తుతానా," అన్నాడు హాలొరన్. "ముప్పై ఏళ్లుగా ఎత్తలేదు." కారు తలుపు తీసి, టోపీ పక్క సీటు మీద ఉన్న కాగితాల మీద పెట్టాడు. "సంతకం పెట్టించడానికి ఐదు ఇన్నింగ్సులయ్యేసరికే నాకు సరిపోయింది, తెలుసా. ఆపైన ఊరికే చూస్తూ కూర్చున్నా."

విచిటాలోని డాక్టరు ఎక్స్‌రే తీసి, మోచేతిని వంచి చూసి, లోపల ఎముకలను కలిపి పట్టే బంధనం పూర్తిగా తెగిందనీ, తెగినదాన్ని మళ్లీ అతికించే విద్య తనకు తెలిసినంతలో ఎక్కడా లేదనీ చెప్పాడు. ఫ్లోరియనే అతన్ని నూట యాభై మైళ్లు వెనక్కి తీసుకొచ్చాడు. ఇంటికి వచ్చాక ఓడిలియా తమ్ముడి పళ్లెంలో మాంసం ముక్కలుగా కోసి పెట్టింది. అతను ఎడమ చేత్తో తిన్నాడు. అతను వెళ్లిపోయాక ఆమె భర్తను ఒక్కటే అడిగింది: ఐదో ఇన్నింగ్స్ తరువాత నువ్వు వాణ్ణి అడగనే లేదటగా, నిజమేనా. నిజమేనన్నాడు. ఆమె గిన్నెలు కడగడానికి వెళ్లింది. అతను ఊహించుకున్న చప్పుడేదీ రాలేదు. గిన్నెలను ఆమె ఎంతో నెమ్మదిగా, ఒకటొకటిగా పెట్టింది.

క్షౌరశాలలో రెండు వారాల పాటు విచారణ జరిగింది. ఎవడు మాట్లాడి ఉంటాడు అన్నది ప్రశ్న. బల్ల మీదివాళ్లు ఒక్కొక్కరే తాము నోరు విప్పలేదని చెప్పుకున్నారు. ఒకరికొకరు సాక్ష్యమిచ్చుకున్నారు. చివరకు క్లెమ్‌కు గుర్తొచ్చింది: ఎనిమిదో ఇన్నింగ్స్ అయ్యాక మాస్టారు నీళ్ల బకెట్ దగ్గర వర్జిల్ పక్కనే నిలబడ్డాడు. పక్కన నిలబడటం మాట్లాడటంతో సమానమని గస్ తేల్చాడు. ఊరికి అది సబబుగా తోచింది. ఆ మాట ఫ్లోరియన్ చెవిన పడింది. ఆ ఏడాది జట్టుకు రాజీనామా ఇచ్చాడు. బడిలో సంభావ్యత పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివించి, ఉదాహరణలు ఇవ్వకుండా ముగించాడు.

అక్టోబరు మొదటి సోమవారం వర్జిల్ గోదాములో చేరాడు. పార కుడి చేత్తో పట్టుకోలేడు గనుక తూకం దగ్గర నిలబెట్టారు; దుమ్ము అక్కడా అంతే. హాలొరన్‌కు ఉత్తరం రాయలేదు. మరుసటి వేసవి హాలొరన్ ప్రూయిట్ జట్టునుంచి ఒక పిచర్‌ను తీసుకువెళ్లాడు.

1953 ఆగస్టు పదహారున ఐదో ఇన్నింగ్స్ ముగిసినప్పటి నుంచి తొమ్మిదో ఇన్నింగ్స్ వరకు హెర్ట్స్‌ఫెల్డ్ జట్టులో ఎవరూ పిచర్‌తో మాట్లాడలేదు. తొమ్మిదో ఇన్నింగ్సులో, ఒక అవుట్ తరువాత, హిట్ పడింది. హెర్ట్స్‌ఫెల్డ్ ఒకటి సున్నాతో గెలిచింది. వర్జిల్ బాస్గల్ మళ్లీ బంతి విసరలేదు.